మస్కట్ నుంచి వాదీ షాబ్‌కి అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

ఒమన్‌లో ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. జగిత్యాల నుంచి అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లను వాదీ షాబ్, వీలైతే వాదీ బనీ ఖాలిద్ తీసుకెళ్లాలని ఉంది (వాదీ అంటే కొండల మధ్య వాగు పారే లోయ). కానీ వాదీల వరద గురించి విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

మా ఊరి వాగు పొంగడం చిన్నప్పటి నుంచీ చూశాను. అక్కడ ముందు వాన పడుతుంది, నీళ్లు మెల్లగా పెరుగుతాయి, జనం జాగ్రత్త పడతారు. ఇక్కడ హజర్ కొండలన్నీ బోడి రాళ్లే. పడ్డ నీరు ఇంకకుండా సన్నటి లోయల్లోకి ఒక్కసారిగా దిగుతుందట. మన నెత్తిన ఎండ కాస్తున్నా, ఎక్కడో పైన పడ్డ వానకు కింద వరద వచ్చేస్తుంది. 2024 ఏప్రిల్‌లో సమద్ అల్ షాన్ దగ్గర స్కూలు పిల్లలున్న బండి కొట్టుకుపోయిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

పైన కొండల్లో వాన పడుతోందని కింద ఉన్నవాళ్లకు తెలిసేదెలా? వాతావరణ శాఖ హెచ్చరిక చూస్తే చాలా, లేక వాదీ షాబ్ దగ్గర పడవ నడిపేవాళ్లను అడగడం మేలా? వాన వెలిశాక ఎన్ని రోజులు ఆగాలి? పడవ దిగాక రాళ్ల మీద చాలా దూరం నడవాలంటున్నారు, నాన్నకు మోకాళ్ల నొప్పులు. బనీ ఖాలిద్‌లో అంత నడక ఉండదంటున్నారు, నిజమేనా?

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే మాత్రం బండి దింపను. "ఫోర్ బై ఫోర్ అయితే ఏం కాదు" అనే సలహాలు దయచేసి వద్దు.