ఫిట్స్ ఉన్న తమ్ముడికి డిప్రెషన్ మాత్రలు: వాడినవాళ్లు చెప్పండి

ఉప్పల్ అక్క:
తమ్ముడికి 26 ఏళ్లు. ఇంటర్ నుంచి ఫిట్స్. లెవెటిరాసెటమ్ రెండు పూటలా వేసుకుంటాడు, రెండేళ్లుగా ఫిట్స్ రాలేదు. కానీ కొన్ని నెలలుగా గది దాటడు, అన్నం ముందు కూర్చుని లేచిపోతాడు. మొన్న మానసిక వైద్యుడికి చూపించాం. సిగరెట్ కూడా మానొచ్చని బుప్రోపియాన్ రాశారు. ఫిట్స్ సంగతి ఆయనకు చెప్పలేదు. సంబంధాలు చూస్తున్నాం కదా, అమ్మ చెప్పనివ్వలేదు. రెండు చీటీలూ కలిపి ఇచ్చేసరికి మెడికల్ షాపాయన "ఆగండమ్మా, ముందు డాక్టర్‌ని అడగండి" అన్నాడు. నిజంగా అంత ప్రమాదమా?

మల్కాజిగిరి మామ:
ఆయనకు దండం పెట్టమ్మా. ఫిట్స్ ఉన్నవాళ్లకు బుప్రోపియాన్ ఇవ్వకూడదని మందు కాగితంలోనే ఉంటుంది. డోసు పెరిగేకొద్దీ ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. అమెరికాలో ఈ కారణంగానే 1986లో వెనక్కి తీసుకుని, 1989లో డోసు తగ్గించి మళ్లీ వదిలారు. పాత డిప్రెషన్ మందుల్లో క్లోమిప్రమిన్‌తోనూ జాగ్రత్త. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి మామూలు డోసులో ఫిట్స్ ఉన్నవాళ్లకూ ఇస్తుంటారు.

మూసీ గట్టు:
నాకూ ఫిట్సే అక్కా. ఒకటి అడుగుతా, దిగులు మొదలైంది లెవెటిరాసెటమ్ మొదలుపెట్టాకో, డోసు పెంచాకో కాదు కదా? కొందరికి దానివల్లే చిరాకు, దిగులు వస్తాయి. నేను ఊరికే అమ్మ మీద అరిచేవాణ్ణి, నా బుద్ధే అంత అనుకున్నా. న్యూరాలజిస్ట్ నన్ను మెల్లగా లామోట్రిజిన్ అనే వేరే ఫిట్స్ మందుకి మార్చారు. దద్దుర్లు రాకుండా వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచాలి, తొందరపడితే కుదరదు. తర్వాత సెర్ట్రలిన్ 25తో మొదలు. తొలి రెండు వారాలూ కడుపులో తిప్పేది, నెల దాటాక ఆకలేసింది. ఆ రోజు మూడు దోసెలు తిన్నా!

సైనిక్‌పురి:
మా నాన్నగారికి కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందు నడుస్తుండగా ఎస్సిటలోప్రామ్ కలిపారు. పది రోజులకి తికమకగా మాట్లాడారు. వయసు అనుకున్నాం. రక్తంలో సోడియం పడిపోయిందట, రెండు మందులూ తగ్గించగలవట. సోడియం బాగా పడిపోతే దానివల్లే ఫిట్స్ వస్తాయి. పెద్దవాళ్లకు ఆ పరీక్ష అడిగి చేయించండి. డిప్రెషన్ మందు ఫ్లూయాక్సెటిన్ అయితే ఫిట్స్ మందు ఫెనిటాయిన్ స్థాయిని రక్తంలో పెంచేస్తుంది, అదీ చెప్పి ఉంచండి.

దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు:
ఇన్ని మందులెందుకు, పొద్దున్నే లేచి యోగా చేయమనండి.

మూసీ గట్టు:
మంచం దిగలేనివాడికి యోగానా తమ్ముడూ? చేస్తే మంచిదే, మందు ఆపి మాత్రం కాదు. నిద్ర చెడితే ఫిట్స్ వస్తాయి, దిగులు ముదిరితే నిద్రే ఉండదు. అక్కా, చనిపోవాలన్న మాట వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 14416 టెలిమానస్‌కి, అదే మానసిక సాయానికి ఉన్న ప్రభుత్వ ఫోన్ లైన్‌కి, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఉప్పల్ అక్క:
ఈ రోజు వెళ్లి అంతా చెప్పేశా. ఆయన తిట్టలేదు. బుప్రోపియాన్ కొట్టేసి, న్యూరాలజిస్ట్‌తో ఫోన్‌లో మాట్లాడి, సెర్ట్రలిన్ 25 రాశారు. ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దన్నారు. బయటికొచ్చాక అమ్మ మెల్లగా అడిగింది, "ఆ ఫిట్స్ మాట చీటీ మీద రాశాడా?" అని. రాశాడమ్మా, పైనే, ఎర్ర పెన్నుతో అన్నా.