జేజినాయన ట్రంకు పెట్టెలో జర్మన్ సైనికుడి ఆల్బమ్: ఎవరిదో కనుక్కోవడం ఎలా?

పెన్నగట్టు (కడప):
మా జేజినాయన మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలో ఇంజనీర్ల దళం) పనిచేసినాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా పోయొచ్చినాడు. ఆయన ట్రంకు పెట్టెలో పింఛను కాగితాల అడుగున ఒక ఆల్బమ్ దొరికింది. నల్ల అట్ట పేజీలు, వాటి మధ్య సాలెగూడు గీతలున్న పల్చటి కాగితం, 60 దాకా ఫోటోలు. ట్యునీషియాలో జర్మన్లు లొంగిపోయినప్పుడు దొరికిందని జేజి చెప్పేది. ఒక్క మనిషే చాలా ఫోటోల్లో ఉన్నాడు, సన్నటి మొహం, ఎడమ చెవి కాస్త బయటికి ఉంటుంది. పేరు తెలిస్తే వాళ్ల ఇంటివాళ్లకు పంపాలని నా కోరిక. ఇక్కడ ఒక స్టూడియోకి స్కాన్ చేయమని ఇస్తే బ్లేడుతో ఒక ఫోటో లేపినారు, వెనకాల పెన్సిల్ రాత సగం అట్టకే అంటుకుపోయింది. చూసి ప్రాణం ఉసూరుమంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గుత్తికోట (అనంతపురం):
అన్నా, ఇంక ఒక్క ఫోటో కూడా లేపొద్దు. పేజీ పేజీనే పైనుంచి ఫోన్‌తో తియ్, ఎందుకంటే ఏ ఫోటో తర్వాత ఏది అతికించినాడనే వరసే పెద్ద ఆధారం. తర్వాత బండ్ల నంబర్ ప్లేట్లు చూడు. డబ్ల్యూహెచ్ అంటే సైన్యం, డబ్ల్యూఎల్ అంటే వైమానిక దళం, డబ్ల్యూఎమ్ అంటే నౌకాదళం. ట్యాంకుకైతే పక్కన చక్రాలు లెక్కపెట్టు: పెద్దవి ఆరు ఉంటే పాంజర్ 3, చిన్నవి ఎనిమిది ఉంటే పాంజర్ 4. ఎడారి ఫోటోల్లో మాత్రం జాగ్రత్త, బ్రిటిష్ వాళ్ల దగ్గర పట్టుకున్న లారీలకు జర్మన్లు తమ శిలువ గుర్తు వేసుకుని తిప్పేవాళ్లు, లారీని చూసి సైనికుడు ఎవరో తేల్చేస్తే తప్పుతాం.

తుంగభద్ర (కర్నూలు):
భుజం పట్టీ అంచు రంగుని బట్టి దళం చెప్పొచ్చని చాలామంది అంటారు, నిజమే, పదాతి దళానికి తెలుపు, ట్యాంకులవాళ్లకు గులాబి, ఫిరంగి దళానికి ఎరుపు. కానీ నలుపు తెలుపు ఫోటోలో గులాబీనో పసుపో ఒట్టేసి చెప్పలేం, నేను అట్లే ఒకసారి నెల రోజులు తప్పుదారిలో పోయినాను. దానికన్నా రాతే నమ్మకం. ఆల్బమ్‌లో విడిగా పోస్టుకార్డు ఏదైనా ఉందా? సైనికుల ఉత్తరాల మీద యూనిట్ పేరు ఉండదు, బదులుగా ఐదంకెల ఫీల్డ్‌పోస్ట్ నంబర్ ఉంటుంది. అది దొరికితే యూనిట్ దొరికినట్టే, కాకపోతే ఒకే నంబర్ తర్వాత వేరే యూనిట్‌కి ఇచ్చిన సందర్భాలున్నాయి, అందుకని ముద్రలో తేదీ కూడా కావాలి. ఇంకోటి, 1943 మే 12న ఆఫ్రికాలో జర్మన్ల సేనాని జనరల్ ఫాన్ ఆర్నిమ్ లొంగిపోయింది మన 4వ ఇండియన్ డివిజన్‌కే, కాబట్టి మీ జేజి మాటను తీసిపారేయొద్దు.

పెన్నగట్టు:
ఉంది సార్! వెనక అట్ట జేబులో ఒక కార్డు. నంబర్ ఉంది కానీ మూడో అంకె 1ఓ 7ఓ తెలియడం లేదు. పేరు చివర ‘న్’ లాంటి అక్షరం ఉంది. రాతి ఇండ్ల ముందర కారు మీద తెల్లగా పెద్ద ‘కె’ రాసుంది.

తుంగభద్ర:
జర్మన్లు 1కి పైన పొడుగు గీత పెడతారు, మనకు 7 లాగా కనబడుతుంది. నిజం 7 అయితే నడుమ అడ్డగీత ఉంటుంది, భూతద్దంతో చూడు. 1941కి ముందు బడిలో చదివినవాళ్ల పాత రాతలో ‘ఈ’ (e) అక్షరం అచ్చం ‘ఎన్’ (n) మాదిరే ఉంటుంది, అందుకని పేరు రెండు విధాలా రాసి పెట్టుకో. ‘కె’ అంటే పాంజర్ గ్రూప్ క్లైస్ట్, జనరల్ క్లైస్ట్ నడిపిన ట్యాంకు దళాల సమూహం. ఇండ్లు ఫ్రాన్స్‌వే అయితే 1940 ఫోటో అది. 10వ పాంజర్ డివిజన్ అప్పుడు క్లైస్ట్ కింద ఉంది, 1942 చివర్లో ట్యునీషియాకి వచ్చింది. అదే అని అనను, కానీ అక్కడ వెతకొచ్చు.

గుత్తికోట:
పేరు తేలినాక బెర్లిన్‌లో జర్మనీ ప్రభుత్వ ఆర్కైవ్‌కి రాయి, సైనికుల పాత రికార్డులు అక్కడే ఉన్నాయి. ఒకవేళ యుద్ధంలో చనిపోయి ఉంటే ఫోల్క్స్‌బుండ్ (జర్మన్ సైనికుల సమాధులు చూసుకునే సంస్థ) వాళ్ల సమాధుల జాబితాలో పేరుతో వెతకొచ్చు.

పెన్నగట్టు:
అడ్డగీత లేదు సార్, 1 అది. రేపు కార్డు రెండు వైపులా ఫోటో పెడతా.