నెల బడ్జెట్ మూడోసారీ మధ్యలోనే ఆగిపోయింది, మీరెలా నిలబెట్టుకుంటున్నారు?

నెలాఖరు_నీరసం:

అందరికీ నమస్కారం, కాస్త పెద్దగా రాస్తున్నా, ఏమనుకోకండి.

మా ఇంట్లో ఇద్దరం సంపాదిస్తున్నాం, ఇద్దరు పిల్లలు. చూసినవాళ్ళెవరూ మమ్మల్ని దుబారా మనుషులు అనరు, మేమూ అలాగే అనుకుంటాం. అయినా 20వ తారీఖు దాటేసరికి అకౌంట్ ఖాళీ. క్రెడిట్ కార్డు బయటికి తీస్తాం, ఒకటో తారీఖు జీతం పడగానే సగం ఆ కార్డుకే పోతుంది, మళ్ళీ 20కి అదే కథ. దీనికి ఏదో ఒకటి చేయాలని మొదటిసారి ఫోన్‌లో యాప్ వేసుకున్నా, నెలన్నర నడిచింది. రెండోసారి ఎక్సెల్ షీట్, రంగులు కూడా వేశా, అది రెండు నెలలు. ఇప్పుడు మూడోసారి పొడుగు నోట్ బుక్ కొని గీతలు కొట్టి రాయడం మొదలుపెడితే మూడో నెల్లో ఆగింది. నిన్న తీసి చూస్తే అన్నిటికంటే నిండిపోయిన కాలమ్ "ఇతరాలు". అందులో ఏముందో నాకే గుర్తులేదు.

మా ఆయన్ని రాయమంటే "నువ్వు పుస్తకం తెరిస్తే నాకు ఇంట్లో ఆడిట్ జరుగుతున్నట్టుంటుంది" అంటారు. కోపం వచ్చింది గానీ నేనేం తక్కువ కాదు లెండి. పోయిన నెల చెప్పుల జత కొని, డబ్బా షాపు బయటే పారేసి, పాతవే అన్నట్టు వేసుకుని ఇంట్లోకి వచ్చా. నా డబ్బుతో నేను కొనుక్కున్న చెప్పులు దాచాల్సిన ఖర్మ ఏంటో.

ఇంకో బాధ ఏంటంటే బయట ఎవరితోనూ ఈ మాట అనలేం. ఈ నెల బయటికి రాలేను అంటే "అబ్బో, ఎక్కడ దాస్తున్నావే" అంటారు. అప్పుందని చెప్తే ఇంకోలా చూస్తారు. అందుకే అడుగుతున్నా, మీరు ఒంటరిగా చేస్తున్నారా, తోడు ఎవరైనా ఉన్నారా? మూడో నెల దాటడం ఎలా?

చిల్లర_డబ్బా:

అక్కా, ముందు మీరు ఆ పుస్తకం పారేయకండి, మీకు కావాల్సిన జవాబు ఆ ఇతరాల్లోనే ఉంది.

నాదీ అదే రోగం. రెండేళ్ళు రోజువారీ ఖర్చుల మీదే పడి పీక్కున్నా, పైసా పైసాకి లెక్క. ఒకసారి విసుగొచ్చి బడ్జెట్ కూలిపోయిన నెలలన్నీ కాగితం మీద రాశా. ఒక నెల బండి ఇన్సూరెన్సు, ఒక నెల స్కూల్ ఫీజు, ఒక నెల వాషింగ్ మెషిన్ రిపేరు, ఒక నెల దగ్గరి చుట్టాల పెళ్ళి. ప్రతిసారీ "అనుకోకుండా ఖర్చొచ్చి పడింది" అనుకున్నాం. అనుకోకుండా ఏంటండీ, ఇన్సూరెన్సు కట్టాల్సిన తారీఖు ఏడాది ముందే ఆ కాగితం మీద ప్రింటయి ఉంది!

పోయిన 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. నెలనెలా రాని ఖర్చు ఏది కనపడినా రంగు పెన్నుతో గీయండి, అన్నీ కూడి 12తో భాగించండి. మాకు నెల ఆదాయంలో 18 శాతం తేలింది. అంటే జీతం వందలో 18 అసలు ఆ నెలది కానే కాదు, మేమేమో వందా మాదే అనుకుని బతికేస్తున్నాం. ఇప్పుడు ఆ 18 జీతం పడ్డ రోజే వేరే అకౌంట్‌కి వెళ్ళిపోతుంది, దానికి ఏటీఎం కార్డు తీసుకోలేదు, ఫోన్‌లో పేమెంట్ యాప్‌కీ కలపలేదు.

ఇక్కడ ఒక తిరకాసుంది, ఎవరూ చెప్పరు. మొదటి ఏడాది 12తో భాగిస్తే సరిపోదు. ఫీజు ఇంకో 4 నెలల్లో ఉంటే దాన్ని 4తోనే భాగించాలి, లేకపోతే అప్పటికి మూడో వంతే పోగై ఉంటుంది, మీరేమో ఈ పద్ధతి కూడా పనికిరాదని వదిలేస్తారు. నేను ఒకసారి వదిలేశా కూడా. మొదటి ఏడాది కాస్త ఊపిరాడదు, రెండో ఏడాది నుంచి తేలిక.

సగం_జీతం:

మీ ఆయన తరఫున నేను మాట్లాడతానండి, ఆ ఆడిట్ డైలాగు మా ఇంట్లో కొట్టింది నేనే.

నిజం చెప్పాలంటే నాకు లెక్కలంటే చిరాకు కాదు, రాత్రి తొమ్మిదింటికి పుస్తకం పట్టుకుని "ఇదేంటి, ఇదెందుకు" అని అడుగుతుంటే చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టించుకున్నట్టు ఉండేది. అయిపోయిన ఖర్చు గురించి అడిగితే మనిషి సమర్థించుకుంటాడు, అంతే, ఇంకేం చేస్తాడు. మా ఆవిడ ఒకసారి పద్ధతి మార్చింది. నెల మొదట్లో, ఇంకా రూపాయి ఖర్చు కాకముందు కూర్చుని ఈ నెల ఏమేం రాబోతున్నాయి అని అడిగింది. అప్పుడు నేనే గబగబా చెప్పా, టైర్లు మార్చాలి, ఫలానా వాళ్ళ ఫంక్షన్ ఉంది అని. జపాన్‌లో హనీ మోతోకో అనే జర్నలిస్టు 1904లోనే ఇంటి లెక్కల పుస్తకం అచ్చు వేయించారు, కకేబో అంటారు దాన్ని. ఆ పద్ధతిలో కూడా ఎంత వస్తుంది, ఎంత మిగుల్చుకోవాలి అన్నది ముందు రాసుకుని, ఖర్చు సంగతి తర్వాత చూస్తారు. నేను ఆ మాట చెప్తే మా ఆవిడ "నేను చెప్తే వినలేదు, జపాన్ వాళ్ళు చెప్తే విన్నావా" అంది, అది వేరే విషయం 😀

రెండోది, మీ ఇద్దరికీ చెరికొంత సొంత డబ్బు పెట్టుకోండి, చిన్నదే కానివ్వండి. దాని గురించి ఎవరూ అడగకూడదు, పుస్తకంలో కూడా "నాది", "తనది" అని ఒక్క లైన్ మాత్రమే. మీ చెప్పులు అందులోంచి కొని ఉంటే డబ్బా ఇంటికే వచ్చేది.

మూడిళ్ళ_ముచ్చట:

తోడు గురించి అడిగారు కదా, ఆ సంగతి నేను చెప్తా. మేం మూడు కుటుంబాల వాళ్ళం మూడున్నరేళ్ళుగా కలిసి చేస్తున్నాం. చుట్టాలం కాదు, పిల్లలు ఒకే క్లాసు.

ప్రతి ఆదివారం రాత్రి గ్రూపులో తలా ఒక వాయిస్ మెసేజ్. ఎవరి జీతం ఎంతో ఎవరికీ తెలీదు, తెలియక్కర్లేదు. అనుకున్న దాంట్లో ఎంత శాతం అయింది, ఎక్కడ జారింది, వచ్చే వారం ఏముంది, అంతే. రెండు నిమిషాలు దాటకూడదు. ఎవరైనా జారితే తిట్టకూడదు, "నేనైతేనా" అని మొదలుపెట్టకూడదు, అది మా మొదటి రూలు. ఈ రూలు పెట్టకముందు ఒకావిడ రెండు వారాలు నోరు విప్పలేదు, తర్వాత తెలిసింది మేం ఒకసారి నవ్వామని.

పెద్ద వస్తువు కొనేముందు గ్రూపులో పెట్టాలి. మిగతావాళ్ళు వద్దు అనరు, మూడే అడుగుతారు: ఇంట్లో ఇలాంటిది ఉందా, ఎక్కడ పెడతావు, పై నెలక్కూడా కావాలనిపిస్తుందా. నేను ఫ్రిజ్ కొత్తది కొంటానని పెడితే ఒకాయన ఫ్రిజ్ తలుపులో కాగితం పెట్టి మూసి లాగి చూడమన్నారు. కాగితం ఆడుతూ పాడుతూ వచ్చేసింది. అంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పోయి చల్లదనం బయటికి పోతోంది, మోటారు ఆగకుండా తిరుగుతోంది. రబ్బరు మార్పించా, ఆ ఫ్రిజ్ ఇంకా నడుస్తోంది. కరెంటు బిల్లూ తగ్గింది.

డ్రిల్ మెషిన్, నిచ్చెన, పెద్ద సూట్‌కేసు లాంటివి మూడిళ్ళకీ కలిపి ఒక్కొక్కటే. పిల్లల బట్టలు, సైకిళ్ళు ఇంటి నుంచి ఇంటికి తిరుగుతూనే ఉంటాయి. గొడవలు రాలేదని కాదు, డ్రిల్ బిట్టు అరిగిపోయి వెనక్కొచ్చినప్పుడు మా ఆయన వారం రోజులు గొణిగారు. అప్పటి నుంచి తీసుకున్న వస్తువు, తారీఖు, పరిస్థితి ఒక కాగితం మీద రాస్తున్నాం. ఒకరికొకరు డబ్బు మాత్రం అప్పివ్వం. అది మొదలైతే ఆదివారం మెసేజ్‌లో ఎవరూ నిజం చెప్పరు.

ముక్కుసూటి:

అందరూ బాగానే చెప్తున్నారు గానీ నాదొక మాట. పొదుపు పొదుపు అని గీరి గీరి ఎంత మిగులుస్తారు? ఖర్చు తగ్గించడానికి ఒక అడుగు ఉంటుంది, దాని కింద ఇంకేం ఉండదు. ఆ టైమ్ సంపాదన మీద పెట్టండి. నేను రాత్రిపూట ఇంకో పని పట్టుకున్నా, అన్నీ సర్దుకున్నాయి. కూపన్ల కోసం, ఆఫర్ల కోసం గంటలు గంటలు ఫోన్ గోకేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.

వడ్డీ_వద్దు:

ముక్కుసూటి అన్నా, మీరన్నది కొట్టిపారేయను, జీతం మరీ చాలని ఇంట్లో లెక్కలు రాస్తే దరిద్రం వరసగా కనపడుతుంది తప్ప తగ్గదు. కానీ ఇక్కడ ఆవిడ ఇద్దరి జీతాలు వస్తున్నాయి అంటున్నారు, చిల్లు కార్డు దగ్గర ఉంది. ఆ చిల్లు మూయకుండా ఇంకో జీతం తెచ్చి పోస్తే అదీ పోతుంది. నాకు జీతం పెరిగిన ఏడాదే నా కార్డు అప్పు కూడా పెరిగింది, లిమిట్ పెంచారని సంబరపడ్డా.

నెలాఖరు గారూ, మీరు కార్డు బిల్లు మొత్తం కడుతున్నారా, మినిమమ్, అంటే బిల్లులో అడిగే కనీసం మాత్రమే కడుతున్నారా? మొత్తం కడుతుంటే మీ సమస్య కేవలం వచ్చే నెల జీతం ఈ నెలే వాడేయడం, మెల్లగా బయటపడొచ్చు. మినిమమ్ అయితే మాత్రం మిగతా సలహాలన్నీ పక్కన పెట్టి ముందు దాని పని చూడండి. నెలకి 3 శాతం వడ్డీ అనుకుందాం, వినడానికి చిన్నదే, కట్టకుండా వదిలేస్తే 24 నెలల్లో అప్పు రెట్టింపు అవుతుంది. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా ఏం కొన్నా చాలా కార్డుల్లో ఆ రోజు నుంచే వడ్డీ మొదలు, గడువు ఇవ్వరు. నాకు ఈ సంగతి రెండేళ్ళ తర్వాత తెలిసింది.

అప్పులు రెండుమూడు ఉంటే వడ్డీ ఎక్కువ ఉన్నదాని మీద ముందు పడండి, మిగతావాటికి కట్టాల్సిన కనీసం కడుతూ. కొందరు చిన్నది ముందు తీర్చేయమంటారు, లెక్కలో కాస్త నష్టం, కానీ ఒకటి తీరిపోయిందన్న ఊపు వస్తుంది. నేను చిన్నదే తీర్చా, మూడు వేల తప్పులు చేసిన మనిషిని, నాకు ఊపే కావాలి.

తీరేదాకా కార్డు ఫోన్‌లోంచి, షాపింగ్ సైట్లలోంచి తీసేయండి. కార్డు చేతిలో ఉంటే చెయ్యి ఊరుకోదు. 2001లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ప్రొఫెసర్లు ఒక ప్రయోగం గురించి రాశారు. ఆటల టికెట్లకి పాట పెడితే, కార్డుతో కట్టాలని చెప్పినవాళ్ళు నగదు ఇవ్వాల్సినవాళ్ళ కంటే రెట్టింపు దాకా పాడారట. బాగా చదువుకున్నవాళ్ళే, మనలాంటివాళ్ళే.

ముక్కుసూటి:

సరే, కార్డు సంగతి ఒప్పుకుంటా. కూపన్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

వడ్డీ_వద్దు:

దాంట్లో నేనూ మీ వైపే అన్నా.

నెలాఖరు_నీరసం:

అందరికీ థాంక్స్, జవాబు లేటయింది. మినిమమ్ కాదండీ, మొత్తమే కడుతున్నాం, ఒక్క రెండు నెలలు తప్ప. ఆ రెండు నెలల వడ్డీ ఎంత పడిందో నిన్ననే చూశా, చెప్పుల మీద పెట్టిన దానికంటే ఎక్కువ.

ఆదివారం పిల్లలు పడుకున్నాక ఆయన్ని కూర్చోబెట్టా. పుస్తకం తీయలేదు, ఆడిట్ అంటారని. స్టేట్‌మెంట్ ప్రింటు, రెండు రంగు పెన్నులు, "నెలనెలా రానివి గీద్దాం పట్టు" అన్నా. మొదట ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు, తర్వాత ఆయనే పెన్ను లాక్కుని గీయడం మొదలుపెట్టారు. 31 గీతలు వచ్చాయి. అందులో నాలుగు మేం వాడటం మానేసిన యాప్‌ల సబ్‌స్క్రిప్షన్లు, ఏడాదికోసారి వాటంతట అవే కట్ అవుతున్నాయి, అక్కడే కూర్చుని ఆపేశాం. మాకు 22 శాతం తేలింది, చిల్లర_డబ్బా గారి కంటే ఘోరం. అంత ఒక్కసారి పక్కన పెట్టలేం, ఈ నెల 10తో మొదలుపెడుతున్నాం, దగ్గర్లో ఉన్న ఫీజుకి విడిగా 5తో భాగించి.

సొంత డబ్బు పద్ధతి చెప్పగానే ఆయన వెంటనే సరేనన్నారు, అనుమానం వచ్చి నా చెప్పుల సంగతి నేనే ముందు చెప్పేశా. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి ఆఫీసు బ్యాగు తెచ్చి అందులోంచి కొత్త హెడ్‌ఫోన్స్ తీసి టేబుల్ మీద పెట్టారు. రెండు నెలలుగా ఆఫీసు డ్రాయర్‌లో ఉంటున్నాయట.

మూడిళ్ళ_ముచ్చట గారూ, నాకు మూడిళ్ళు దొరకలేదు గానీ మా చిన్నదాని ఫ్రెండు వాళ్ళమ్మని నిన్న భయపడుతూనే అడిగా. "నువ్వెప్పుడు అడుగుతావా అని చూస్తున్నా" అంది. ఈ ఆదివారం మొదటి మెసేజ్. ఏం చెప్పాలో ఇప్పుడే రాసి పెట్టుకున్నా, నాలుగు నిమిషాలు వస్తోంది, ఎలా తగ్గించాలి?

మూడిళ్ళ_ముచ్చట:

మొదటివారం కదా, నాలుగు నిమిషాలూ చెప్పేయండి.