అటక్స్ హైస్కూల్ పెద్దాయన జ్ఞాపకాలు ఎలా భద్రపరచాలి?

అందరికీ నమస్కారం. మేం అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఉంటాం, మా పక్కింటి పెద్దాయన ఇక్కడి క్రిస్పస్ అటక్స్ హైస్కూల్లో చదివారు. నల్లజాతి పిల్లల్ని వేరుగా ఉంచడానికని 1927లో తెరిచిన బడి అది, కానీ పెద్ద చదువులు చదివినా రంగు వల్ల వేరేచోట ఉద్యోగం దొరకనివాళ్ళు ఎందరో అక్కడ టీచర్లుగా చేరి దాన్ని గొప్ప బడిగా నిలబెట్టారు. 1955లో, తర్వాత పెద్ద బాస్కెట్‌బాల్ స్టార్ అయిన ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆడిన జట్టు రాష్ట్ర బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిస్తే, ఊరి నడిబొడ్డునున్న మాన్యుమెంట్ సర్కిల్లో జరగాల్సిన సంబరం జరగనివ్వకుండా, జట్టుని ఫైరింజన్ మీద ఆ సర్కిల్ చుట్టూ తిప్పి నల్లజాతి వాడలోని పార్కుకి పంపేశారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన గొంతు పూడుకుపోతుంది.

ఆయన దగ్గర పాత ఇయర్‌బుక్ (బడి ఏటా వేసే ఫొటోల పుస్తకం) ఉంది. బైండింగ్ ఊడిపోతోంది, ఫొటోల పక్కన పెన్సిల్‌తో పేర్లు రాసుకున్నారు. స్కానర్ మీద బోర్లించి నొక్కితే పేజీలు విడిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది, ఫోన్‌తో పైనుంచి తీస్తే సరిపోతుందా? ఆయన మాటలు కూడా రికార్డు చేయాలి. మీ తాతయ్యలవీ అమ్మమ్మలవీ ఇలా రికార్డు చేసినవాళ్ళుంటే చెప్పండి, ఏ ప్రశ్నతో మొదలుపెట్టారు, అలిసిపోకుండా ఎంతసేపు కూర్చోబెట్టారు? బడిలోనే మ్యూజియం ఉంది, ఒక కాపీ వాళ్ళకి ఇవ్వాలని ఆయన కోరిక. వయసు మీద పడింది, కాస్త త్వరగా చెప్పండి.