సెలైన్ అలారం: వార్డులో వైఫై తెగిపోతోంది, ఏం చేయాలి?

గాజువాక ఎంబెడెడ్:
నమస్కారం. మాది గాజువాకలో చిన్న కంపెనీ. సెలైన్ డ్రిప్ చాంబర్‌కి (చుక్కలు పడే చిన్న గొట్టానికి) తగిలించే పరికరం చేస్తున్నాం. ఇన్‌ఫ్రారెడ్‌తో చుక్కలు లెక్కపెట్టి, చుక్క ఆగినా, వేగం పెరిగినా వైఫై మీద నర్సింగ్ స్టేషన్‌కి అలారం పంపుతుంది. మా టేబుల్ మీద బ్రహ్మాండంగా నడిచింది. ఇప్పుడు సిటీలో ఒక ఆసుపత్రి వార్డులో ట్రయల్ జరుగుతోంది. సిస్టర్లు మామూలుగా చూసుకుంటూనే ఉన్నారు, దీన్నే నమ్ముకోలేదు. సాయంత్రం విజిటర్ల టైంకి కనెక్షన్ పోతోంది. పోయాక కూడా స్క్రీన్ మీద పాత రీడింగే ఆకుపచ్చగా కనిపిస్తోంది. రౌటర్ మారిస్తే సరిపోతుందా? బడ్జెట్ తక్కువ.

బయోమెడ్ మహారాణిపేట:
రౌటర్ సంగతి తర్వాత. నన్ను భయపెట్టింది ఆ పచ్చరంగు. పేషెంట్ బాగున్నా, మీ పరికరం చచ్చిపోయినా స్క్రీన్ ఒకేలా ఉందంటే ఆ స్క్రీన్ లేకపోవడమే నయం. పరికరం కొన్ని సెకన్లకోసారి ‘ఉన్నాను’ అని పలకాలి. వరసగా రెండు మూడు పలుకులు రాకపోతే ఆ బెడ్ బూడిదరంగులోకి మారి చప్పుడు చేయాలి. పాత రీడింగ్ చూపాలనుకుంటే ఎప్పటిదో టైం వేసి చూపండి.

బజర్ పరికరంలోనే ఉండాలి. ఐసీయూ మానిటర్లు చూడండి, సెంట్రల్ స్టేషన్ పడిపోయినా మంచం పక్కన మోగుతూనే ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన విశాఖలో ఉండి నెట్‌వర్క్ ఎప్పుడూ ఉంటుందనుకుంటే ఎలా అండీ? అప్పుడు కరెంటూ లేదు, సెల్ సిగ్నలూ లేదు.

ఇక వైఫై. విజిటర్ల ఫోన్లు ఉన్న నెట్‌వర్క్‌లోనే మీవీ ఉన్నాయేమో కనుక్కోండి. ఐటీ వాళ్లనడిగి వేరే వీల్యాన్ (అదే వైరింగ్ మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టించుకోండి. మీ వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అయితే పక్క పాంట్రీలో మైక్రోవేవ్ కూడా అడ్డం పడుతుంది. అన్ని పీసులకీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకండి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లని రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) పట్టుకుంటే అంత పెద్ద ఆసుపత్రీ కాగితం, పెన్నూ పట్టుకోవాల్సి వచ్చింది.

నైట్ డ్యూటీ సిస్టర్:
అన్నిటికీ ఒకటే కూత వద్దు బాబూ. పేషెంట్ చెయ్యి మడిచినా చుక్క ఆగుతుంది. బాత్రూంకి స్టాండ్ లాక్కెళ్తే చాంబర్ ఊగుతుంది. ఊరికే మోగితే రెండో రాత్రికే ఎవరో ఒకరు దాని నోరు నొక్కేస్తారు. బాటిల్ అయిపోవస్తోంది అనేది వేరే శబ్దం, చుక్క ఆగింది అనేది వేరే శబ్దం ఉండాలి.

ఇంకోటి. సెలైన్ ట్యూబ్ సెట్లు రెండు రకాలు. మేం వాడే మాక్రో సెట్‌లో 20 చుక్కలు ఒక ఎంఎల్, మైక్రోలో 60. పిల్లలకి మైక్రో పెడతాం. ఏ సెట్ పెట్టామో మీ డబ్బాకి ఎలా తెలుస్తుంది? బాటిల్ మార్చినప్పుడు పాత సెట్టింగ్‌తోనే మొదలైపోతే ప్రమాదం. ఏ సెట్ అని డబ్బానే అడగనివ్వండి, మేం నొక్కుతాం.

గాజువాక ఎంబెడెడ్:
థాంక్స్ అండీ, సెట్ విషయం మా బుర్రకే తట్టలేదు. బజర్ పెడితే బ్యాటరీ త్వరగా అయిపోదా?

బయోమెడ్ మహారాణిపేట:
బజర్ మోగేది ఎంతసేపని? బ్యాటరీని తినేది వైఫై రేడియో. చార్జ్ తగ్గితే అదీ అలారమే, అయిపోయేదాకా ఆగకూడదు. అలారం రంగులకీ శబ్దాలకీ ఐఈసీ 60601-1-8 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, సొంతంగా కనిపెట్టకండి. ఈఎంఐ టెస్టుకి (పరికరాల విద్యుదయస్కాంత తరంగాలు ఒకదానికొకటి అడ్డం పడతాయేమో చూసే పరీక్షకి) చెన్నై పరిగెత్తక్కర్లేదు, మన విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో ల్యాబ్ ఉంది. ఈలోగా ఒక పని చేయండి. సిస్టర్‌కి ముందే చెప్పి, విజిటర్ల టైంలో రౌటర్ ప్లగ్ పీకేయండి. ఎన్ని సెకన్లకి ఎవరికి తెలిసిందో ఇక్కడ రాయండి.