మతపెద్దలు చెబితే వాతావరణ సదస్సులు కదులుతాయా?

గోదారి గట్టు:
2015లో పారిస్ సదస్సుకు ముందు జరిగిన హడావిడి గుర్తుందా? పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణాన్ని కాపాడుకోవాలంటూ ‘లౌదాతో సీ’ అని సుదీర్ఘ లేఖ రాశారు. ఇస్తాంబుల్‌లో ముస్లిం పండితులది ఒక ప్రకటన, హిందూ సంస్థలది ఇంకో ప్రకటన. అన్ని మతాలవాళ్లు కలిసి దాదాపు 18 లక్షల సంతకాలు ఐరాసకు ఇచ్చారు. కోవిడ్ ఏడాది పక్కన పెడితే, ఆ తర్వాత కూడా భూమిని వేడెక్కించే కర్బన ఉద్గారాలు పెరుగుతూనే వచ్చాయి. దేవుడి పేరు చెప్పి సర్కార్లను కదిలించడం అయ్యే పని కాదు.

తుపాను పక్షి:
సంతకాలు చూసి తీర్పు చెప్పేస్తే ఎలాగండీ? 2013 వార్సా సదస్సు చూడండి. హయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌ను ఊడ్చేసి మూడు రోజులే అయింది. ఆ దేశ ప్రతినిధి యెబ్ సాన్యో, తన తోడబుట్టినవాడు తిండి లేకుండా శవాలు ఏరుతున్నాడని చెబుతూ ఏడ్చేశాడు. సదస్సులో ఏదో ఒకటి తేలేదాకా అన్నం ముట్టనన్నాడు. తర్వాత చర్చిలు ఆ ఉపవాసాన్ని అందుకున్నాయి, ప్రతి నెలా ఒకటో తారీకున. 2015లో ఆయన రోమ్ నుంచి పారిస్‌కు నడిచాడు కూడా. పరిహారం మాటెత్తితే మొహం తిప్పుకునే ధనిక దేశాలు 2022లో నష్టనిధికి, అంటే వాతావరణ విపత్తులకు దెబ్బతిన్న పేద దేశాలకు సాయపడే నిధికి, ఒప్పుకున్నాయి. అంతా ఉపవాసాల పుణ్యమే అనను. చిన్న ద్వీప దేశాలు 1991 నుంచీ అడుగుతూనే ఉన్నాయి.

గోదారి గట్టు:
నిధి సరే, అందులో పడేదెంత? 2023లో దుబాయ్ సదస్సులో వచ్చిన హామీలు దాదాపు 70 కోట్ల డాలర్లు. ఒక్క పెద్ద తుపానుకే చాలవు!

లెక్కల మాస్టారు:
ఇద్దరూ డబ్బు దగ్గర ఆగారు కాబట్టి అక్కడికే వస్తాను. ఇంగ్లండ్ చర్చికి పెద్ద పెట్టుబడి నిధి ఉంది. భూమి వేడెక్కడాన్ని అదుపు చేయాలన్న 2015 పారిస్ ఒప్పందం బాటలోకి రాని చమురు కంపెనీల నుంచి బయటికి వస్తామని 2018లో గడువు పెట్టింది. 2023లో షెల్, బీపీలను కూడా వదిలేసింది. ఉపన్యాసం కంటే ఇది నాకు నచ్చింది.

తుపాను పక్షి:
ఇక్కడ మీతో ఏకీభవించను మాస్టారూ. చర్చి వదిలిన వాటా ఇంకొకరు కొంటారు, చమురు చుక్క కూడా తగ్గదు. వాటాదారుగా ఉంటే వార్షిక సమావేశంలో లేచి నిలదీయొచ్చు. 2021లో చమురు కంపెనీ ఎక్సాన్ బోర్డులోకి కొత్తవాళ్లను తెచ్చిన వాటాదారుల పోరుకు ఈ చర్చి కూడా మద్దతిచ్చింది కదా.

లెక్కల మాస్టారు:
నిలదీశారు, ఐదేళ్లు ఆగారు, అప్పుడే వదిలారు. సరే, ఇంగ్లండ్ సంగతి అలా ఉంచండి. మన దేవస్థానాల డిపాజిట్లు ఉన్న బ్యాంకులు ఏ బొగ్గు ప్లాంట్లకు అప్పులిస్తున్నాయో మనలో ఎవరైనా అడిగామా?