టీఎస్‌హెచ్ 3.8 నార్మలే అంటున్నారు. మరి నా నీరసం సంగతేంటి?

సాగరతీరం, ఎంవీపీ కాలనీ:
నాకు హషిమోటో థైరాయిడైటిస్, అంటే మన ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే జబ్బు. దాన్ని పట్టిచ్చే యాంటీ టీపీఓ యాంటీబాడీలు బాగా ఎక్కువ. రోజూ థైరాయిడ్ హార్మోన్ మాత్ర, లెవోథైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు వేసుకుంటున్నాను. మొన్నటి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే పెరిగే అంకె) 3.8. ల్యాబ్ కాగితం మీద 4 దాకా నార్మల్ అని ఉంది కాబట్టి డాక్టరు గారు అదే డోసు రాసి పంపేశారు. నాకేమో జుట్టు ఊడుతోంది, మలబద్ధకం, మధ్యాహ్నానికి కుర్చీలోంచి లేవలేను. 88కి మార్చమని అడిగితే తప్పా?

ఉక్కునగరం రిటైర్డ్:
తప్పే. రిపోర్టు చూసి మందిస్తారు గానీ మన మూడ్ చూసి ఇవ్వరు. ముందు ఇది చెప్పమ్మా, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి కాఫీ తాగుతావు?

సాగరతీరం:
పావుగంటకి. ఆఫీసు బస్సు దాటిపోతుందండీ.

ఉక్కునగరం రిటైర్డ్:
అదీ సంగతి! పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. వెంటనే కాఫీ తాగితే మందు సరిగ్గా ఒంటబట్టదు. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇది సరిచేసుకోకుండా డోసు మాట ఎత్తొద్దు.

కంచరపాలెం కుర్రాడు:
మా అమ్మ రాత్రి తిన్న మూడు గంటలకి, పడుకునే ముందు వేసుకుంటుంది. కాఫీ గొడవే లేదు.

సాగరతీరం:
నేను రోజూ అదే టైముకి మాత్ర, అదే టైముకి కాఫీ. 75 కుదిరిందీ ఆ కాఫీతోనే, 3.8 వచ్చిందీ ఆ కాఫీతోనే. అంకె బాగుంటే కాఫీని తిట్టడమెందుకు? కాఫీ వల్ల అంకె పెరిగిందంటే నార్మల్ అనడమెందుకు? రెండూ మీరే అంటే ఎలా?

ఉక్కునగరం రిటైర్డ్:
లాయరులా మాట్లాడకమ్మా. గంట ఆగి తాగి చూడు.

ల్యాబ్ కోటు:
జుట్టు కోసం బయోటిన్ విటమిన్ మాత్రలేమైనా వాడుతున్నారా? ఎక్కువ మోతాదులో వాడితే కొన్ని మెషిన్లలో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) ఎక్కువగా చూపిస్తాయి. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి.

సాగరతీరం:
వాడుతున్నా, 10 మిల్లీగ్రాములది. రక్తం తీసిన రోజు కూడా వేసుకున్నా. ఎవరూ అడగలేదు.

అల్లం టీ:
అయితే ఆ 3.8 కూడా డౌటే 😂

ఉక్కునగరం రిటైర్డ్:
ఇక మెషిన్ల మీద పడండి. అర్ధరాత్రి దాకా ఫోను చూడ్డం, పొద్దున్న లేవలేకపోతే థైరాయిడ్ అనడం. ఈ కాలం పిల్లలకి ఇదో అలవాటైంది.

సాగరతీరం:
మా ఇంట్లో వినే మాటే మీరూ అన్నారు బాబాయ్ గారూ, సంతోషం. ఆ కాగితం మీద నార్మల్ అని వచ్చిన దగ్గర్నుంచి మా అత్తగారికి నేను బద్ధకస్తురాలిని. ఇక్కడ కూడా అదే వినడానికి రాలేదు.

ఉక్కునగరం రిటైర్డ్:
బద్ధకం సంగతి నాకు తెలీదు, గుండె సంగతి తెలుసు. మా ఆవిడ ఇలాగే నీరసమంటూ ఏవో వీడియోలు చూసి తనంతట తనే 100 నుంచి 150కి పోయింది. మొదట్లో మహా హుషారు. కొన్నాళ్ళకి టీఎస్‌హెచ్ 0.02కి పడిపోయింది, గుండె లయ తప్పింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని ఐసీయూలో పెట్టారు. ఎముకలూ గుల్లబారాయని స్కాన్‌లో తేలింది. 65 ఏళ్ళ మనిషి. నార్మల్ వచ్చాక కెలకొద్దని నేను మొత్తుకునేది అందుకే.

సాగరతీరం:
అయ్యో. పిన్ని గారు ఇప్పుడు బాగున్నారా? కానీ నేనేమీ సొంతంగా పెంచుకోలేదండీ. నాకు 31. డాక్టరునే అడగొచ్చా అంటున్నాను.

సీతమ్మధార సిస్టర్:
31 అంటున్నావు, పిల్లల కోసం చూస్తున్నారా? అలా అయితే లెక్కే వేరు. ఈ మందు వాడుతూ గర్భం కోసం చూసేవాళ్ళకి టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉంచాలంటారు. మొదటి మూడు నెలలూ బిడ్డకి తల్లి హార్మోనే దిక్కు, గర్భం నిలిచాక డోసు ఇంకా పెంచాల్సి వస్తుంది. అదే 3.8 బాబాయ్ గారి భార్యకైతే చాలా బాగున్నట్టే. ల్యాబ్ కాగితానికి ఈ తేడా తెలీదు కదమ్మా.

సాగరతీరం:
చూస్తున్నాం. చాన్నాళ్ళుగా. ఇక్కడ రాయడం ఇష్టం లేక రాయలేదు.

ఉక్కునగరం రిటైర్డ్:
మరి ఆ ముక్క డాక్టరుకి చెప్పాలి కదా? ఆయనకి కలొస్తుందా?

సాగరతీరం:
నా వెనక ఇద్దరు పేషెంట్లు ఫైళ్ళు పట్టుకుని గదిలోనే నిలబడ్డారు, పక్కనే మా అత్తగారు. ఆయన కాగితం చూశారు, రాశారు, బెల్లు కొట్టారు. నెలసరి సరిగ్గా వస్తోందా అని కూడా అడగలేదు. ఇందులోనూ తప్పు నాదేనా?

ఉక్కునగరం రిటైర్డ్:
తప్పని కాదమ్మా. ఓపీలో అంతమంది ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

సీతమ్మధార సిస్టర్:
తలుపు వేయించొచ్చు. అరనిమిషం పని.

ల్యాబ్ కోటు:
బయోటిన్ ఆపి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మళ్ళీ చేయించండి. నీరసానికి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బీ12 కూడా చూడమనండి, హషిమోటో ఉన్నవాళ్ళకి బీ12 లోపం కూడా ఉండొచ్చు. డోసు మారిస్తే 6 నుంచి 8 వారాలు ఆగాకే టెస్టు. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, తొందరపడి చూస్తే అంకె తేలదు.

ఉక్కునగరం రిటైర్డ్:
ఈసారి అత్తగారు లేకుండా వెళ్ళు. ఆయన చీటీ రాయకుండా 88 డబ్బా మాత్రం కొనకు.

సాగరతీరం:
కొననండీ. మా ఆయన్ని తీసుకెళ్తా. మళ్ళీ కాగితం చూసి బెల్లు కొడితే మాత్రం కుర్చీలోంచి లేవను.

ఉక్కునగరం రిటైర్డ్:
వెనకున్నవాళ్ళు ఊరుకుంటారా?